ఇష్టమైన యానిమేషన్ సిరీస్‌లో అభిమానులు ఏం మార్చాలనుకుంటారు? మారిస్తే నిజంగా బాగుపడుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ప్రతి యానిమేషన్ సిరీస్ అభిమానికీ "ఈ ఒక్కటి మార్చి ఉంటే ఎంత బాగుండేదో" అనే కోరిక ఉంటుంది కదా, ఎక్కువమంది దేన్ని మార్చమంటారు, వాళ్లు చెప్పినట్టు మారిస్తే సిరీస్ బాగుపడుతుందా అని. దాంతోపాటు మీ సొంత ఫిర్యాదు ఒకటి చేర్చారు, 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' చివర్లో హీరో ఆంగ్‌కు కొత్త విద్య ఇచ్చే ఆ సింహం తాబేలు ఎక్కణ్ణుంచి ఊడిపడిందని.

నేను టీవీ సిరీస్‌లకు స్టోరీబోర్డ్ వేస్తాను. స్క్రిప్ట్ చేతికొచ్చాక ఏ షాట్ ఎక్కడ మొదలవ్వాలి, ఎంతసేపు ఉండాలి, ఎక్కడ కట్ అవ్వాలి అనేది బొమ్మల్లో తేల్చే పని. ఎపిసోడ్ ప్రసారమయ్యాక అభిమానులు రాసేవన్నీ కూర్చుని చదవడం నాకున్న వ్యసనం, పనికి మంచో చెడో తెలీదు కానీ మానలేకపోతున్నాను. (స్పాయిలర్లు ఉంటాయి, ముందే చెబుతున్నాను.)

సూటిగా చెప్పాలంటే, అందరికంటే ఎక్కువగా వినబడేవి రెండు: సాగదీత తగ్గించండి, ముగింపు మార్చండి. వాటి తర్వాత, ఫలానా పాత్రను గాలికొదిలేశారు, ఫలానా పాత్ర ఎన్నేళ్లయినా ఎదగదు అన్నవి. ఎక్కడ విసుగొచ్చిందో అభిమానులు చెప్పేది దాదాపు ఎప్పుడూ నిజమే, ఎందుకొచ్చిందో చెప్పేదే చాలాసార్లు తప్పు. అందుకే వాళ్లు సూచించే మార్పు చేసినా తరచూ పని జరగదు. రచయితలకు బద్ధకం అనో బుర్ర లేదనో అంటారు గానీ అసలు కారణం చాలావరకు ఎన్ని ఎపిసోడ్లు, ఎప్పటికి, ఎన్ని బొమ్మలతో అనే లెక్కలోనే ఉంటుంది.

ముందు సాగదీత. 'డ్రాగన్ బాల్ జెడ్'లో విలన్ ఫ్రీజా ఈ గ్రహం అయిదు నిమిషాల్లో పేలిపోతుందని అన్నాక ఆ అయిదు నిమిషాలు ఎపిసోడ్ల తరబడి నడిచాయి, దాని మీద జోకులు ఇప్పటికీ ఆగలేదు. ఒక పోరాటాన్ని ఎలా సాగదీస్తారో బోర్డ్ వేసేవాడి వైపు నుంచి చెబుతాను. హీరో పిడికిలి బిగించాడు. అక్కణ్ణుంచి నేరుగా దెబ్బకు వెళ్లకుండా విలన్ కంటికి కట్. తర్వాత దూరంగా ఉన్న స్నేహితుడి మొహం, నుదుటి మీద చెమట చుక్క, "ఇంత శక్తా!" అని ఒక మాట. తర్వాత నేల మీద చిన్న రాళ్లు గాల్లోకి లేస్తాయి. తర్వాత ఒకే ఒక పెద్ద బొమ్మ మీద కింద నుంచి పైకి కెమెరా మెల్లగా జరుగుతుంది, ఆరు సెకన్లు, వెనక గాలి చప్పుడు. ఆ ఆరు సెకన్లలో తెర మీద 144 ఫ్రేములు వెళ్లిపోయాయి, గీసింది ఒక్క బొమ్మ. దీనికి ముందు టైటిల్ పాట, పోయిన వారం ఏం జరిగిందో గుర్తుచేసే ముక్క, చివర్లో పాట, వచ్చే వారం ఏం జరగబోతోందో చూపించే ముక్క ఉండనే ఉన్నాయి. ఇవన్నీ తీసేస్తే ఎపిసోడ్‌లో మిగిలే కొత్త కథ ఎంతో మీరే ఊహించుకోండి.

ఇక్కడ రెండు వేరువేరు కారణాలు కలిసిపోయి ఉంటాయి, అభిమానులు వాటిని ఒకటే అనుకుంటారు. ఒకటి బొమ్మల లెక్క. సెకనుకు 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ ఎవరూ గీయరు, ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకు 12 లేదా 8 బొమ్మలు. 22 నిమిషాలంటే 31,680 ఫ్రేములు. మూడేసి ఫ్రేములకు ఒక బొమ్మ అనుకున్నా, ఎక్కడా ఆగకుండా కదులుతూనే ఉంటే పదివేలకు పైగా బొమ్మలు కావాలి, అదీ తెర మీద ఒక్క పాత్రే ఉందనుకుంటే. టీవీ షెడ్యూల్‌లో అది జరిగే పని కాదు, కాబట్టి ఎక్కడ కదలాలి, ఎక్కడ ఊరుకోవాలి అని ఎంచుకోవాల్సిందే. రెండో కారణం ఇంకా మొండిది: కథే లేదు. మాంగా, అంటే జపాన్ కామిక్స్, వారానికో అధ్యాయం వస్తుంటే, దాని ఆధారంగా తీసే సిరీస్ కూడా వారానికో ఎపిసోడ్ వస్తుంటే, సిరీస్ వెళ్లి మాంగాను తాకడం ఖాయం. అలా తాకే ముందు అయితే నెమ్మదించాలి, లేదంటే సొంత కథ అల్లాలి, లేదంటే ఆపేయాలి. అప్పుడు మీరు కోట్లు పోసినా గీసేవాళ్లు దొరుకుతారేమో గానీ గీయడానికి కథ దొరకదు.

నెమ్మదించడానికి ఉదాహరణ పైన చెప్పాను. సొంత కథలు అల్లడానికి 'నరుటో' పేరు చెప్పని అభిమాని ఉండడు. 2002 నుంచి 2007 దాకా నడిచిన మొదటి సిరీస్ 220 ఎపిసోడ్లు, అందులో చివరి 80 పైచిలుకు దాదాపు అన్నీ ఫిల్లర్లే, అంటే మాంగాలో లేకుండా ఖాళీ నింపడానికి తీసినవే. ఇక సొంత ముగింపు రాసుకున్నది 2003 నాటి 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్'. మాంగా ఇంకా సగంలోనే ఉండగా 51 ఎపిసోడ్లలో వేరే దారి పట్టి ముగించారు. మాంగా పూర్తి కావస్తున్న సమయంలో 2009లో 'బ్రదర్‌హుడ్' పేరుతో మళ్లీ మొదలుపెట్టి 64 ఎపిసోడ్లలో అసలు కథను తీశారు. అంటే అభిమానులు కోరేది అక్షరాలా జరిగిన అరుదైన సందర్భం ఇది. అయినా ఈ రోజుకీ గొడవ ఆగిందా? లేదు. పాత సిరీస్‌లో చూసేశారు కదా అన్నట్టు కొత్తదాంట్లో మొదటి భాగాన్ని పరిగెత్తించారు, నీనా అనే చిన్నపిల్ల కథ, హ్యూస్ అనే సైనికాధికారి కథ పాత సిరీస్‌లో గుండెకు తగిలినంతగా కొత్తదాంట్లో తగలలేదని చాలామంది అంటారు. నా ఓటు కూడా ఆ విషయంలో పాతదానికే. మొత్తంగా చూస్తే 'బ్రదర్‌హుడ్' మేలు, అది వేరే సంగతి.

కాబట్టి ఫిల్లర్లన్నీ కోసేయండి అనే మాటతో నేను ఏకీభవించను. కథ ముందుకు కదలని ఎపిసోడ్ అంతా చెత్త కాదు. మీకు ఇష్టమైన 'అవతార్' నుంచే తీసుకుందాం. రెండో భాగంలో బా సింగ్ సే అనే నగరంలో ఒక్కొక్కరి చిన్న కథలతో ఒక ఎపిసోడ్ ఉంది గుర్తుందా? యుద్ధం ఒక్క అడుగు కదలదు. కానీ అందులోనే ఐరో అనే ముసలి సేనాని చనిపోయిన కొడుకు కోసం కొండ మీద ఒంటరిగా కూర్చుని పాడుతూ ఏడ్చే కొన్ని నిమిషాలున్నాయి. ఐరోకు గొంతిచ్చిన మాకో 2006లో పోయారు, ఆ ముక్కను ఆయనకే అంకితం చేశారు. కథ కదిలిందా లేదా అనే లెక్కతో కోస్తే ముందు పోయేది ఇదే. అదే సిరీస్ మొదటి భాగంలో లోయ దాటే రెండు తెగల ఎపిసోడ్ ఉంది, 'ది గ్రేట్ డివైడ్', దాన్ని తీసేయమని అడగని అభిమాని లేడు, చివరికి సిరీస్ వాళ్లే మూడో భాగంలో నాటకం ఎపిసోడ్‌లో దాని మీద జోకేసి దాటేశారు. రెండింటికీ తేడా ఏంటి? మొదటిదాంట్లో మనకు అప్పటికే ఇష్టమైన మనిషి గురించి కొత్తగా ఒకటి తెలిసింది. రెండోదాంట్లో మళ్లీ ఎప్పుడూ కనబడని ముక్కూమొహం తెలియనివాళ్ల తగాదా. నేను బోర్డ్ వేసేటప్పుడు కూడా పట్టించుకునేది అదొక్కటే, ఈ ఎపిసోడ్ తీసేస్తే ఎవరి గురించి మనకు తెలిసింది తగ్గుతుంది అని. ఎవరి గురించీ తగ్గకపోతే నిమిషాలు కరెక్టుగానే ఉన్నా అది ఫిల్లరే.

సరే, మీ సింహం తాబేలు. విలన్ ఓజాయ్‌ని చంపాలా వద్దా అన్నదే ఆంగ్ మీద పడ్డ అసలు పరీక్ష. చివరికొచ్చేసరికి బెండింగ్‌ను, అంటే నీరు, నేల, నిప్పు, గాలిని ఆడించే శక్తిని లాగేసే విద్య ఒకటి కొత్తగా దొరికి ఆ పరీక్షే రద్దయిపోయింది, మీ చిరాకు అదే, నాదీ అదే. తాబేలు మరీ ఆకాశం నుంచి ఊడిపడలేదు, రెండో భాగంలో ఎడారి లైబ్రరీలో దాని బొమ్మ కనబడుతుంది. కానీ నేపథ్యంలో ఉన్న బొమ్మ చూసి ఎవరూ "ఓహో" అనుకోరు, అది మా బోటి వాళ్లు మాత్రమే పట్టుకుని సంబరపడే విషయం. చాలామంది అడిగే మార్పు "ఆంగ్ చంపేయాలి" అని. అది చేస్తే ఆంగ్ పుట్టిన ఎయిర్ నోమాడ్ల, ప్రాణం తీయకూడదనే ధర్మం గురించి అంతవరకు చెప్పినదంతా నీళ్లపాలు. నేనైతే ముగింపు జోలికే వెళ్లను. మూడో భాగం మధ్యలో ఎక్కడైనా ఒక నిమిషం, బెండింగ్ అనేది ఇవ్వగలిగినదైతే తీసుకోగలిగినది కూడానా అని ఎవరో ఒకరు, బహుశా ఆంగ్‌కు బోధించిన గురు పతిక్, మాట వరసకి అనే ఒక్క నిమిషం చాలు. నా దృష్టిలో అదే సిరీస్‌లో అంతకంటే పెద్ద లోపం ఓజాయ్ కొడుకు జుకో తల్లి. జైల్లో తండ్రి ఎదుట నిలబడి "మా అమ్మ ఎక్కడ?" అని అడిగే దగ్గర కట్ చేసి వదిలేశారు, జవాబు కావాలంటే తర్వాత వచ్చిన కామిక్స్ చదవాలి. సిరీస్ మాత్రమే చూసినవాడికి అది బాకీయే.

అసలు చెడ్డ ముగింపులు ఎక్కడ పుడతాయో చెబుతాను. ఎన్ని ఎపిసోడ్లు మిగిలాయో రాసేవాళ్లకు తెలుసా లేదా? నేను ముందు చూసేది అదే. 'అవతార్'కు కొనసాగింపైన 'ది లెజెండ్ ఆఫ్ కొర్రా'ను మొదట ఒక్క చిన్న సిరీస్‌గానే, 12 ఎపిసోడ్లకే ఆర్డర్ చేశారు. అందుకే మొదటి భాగం చివర్లో శక్తులు పోయిన కొర్రాకు ఆంగ్ ఆత్మ వచ్చి అయిదు నిమిషాల్లో అన్నీ తిరిగిచ్చేస్తుంది, మళ్లీ తీస్తారో లేదో తెలియనప్పుడు ఆమెను కుంగిపోయిన స్థితిలో వదిలేసే ధైర్యం ఎవరు చేస్తారు చెప్పండి. అది గమనించకుండా "ఓడిపోయినట్టు వదిలేయాల్సింది" అనడం తేలిక. మూడో భాగం నాటికి ఇంకో భాగం ఉందని తెలుసు కాబట్టే ఆమెను చక్రాల కుర్చీలో వదిలేసి ముగించగలిగారు, చాలామందికి అదే అన్నిటికంటే నచ్చిన ముగింపు. ఇక నాలుగో భాగంలో పాత ముక్కలతో అతికించిన ఎపిసోడ్ ఒకటుంది, అందరూ తిట్టేది. బడ్జెట్ కోసేశారు, టీమ్‌లో చాలామందిని ముందే ఇంటికి పంపడమా, పాత ముక్కలతో ఒక ఎపిసోడ్ చేసుకోవడమా అన్నప్పుడు రెండోది ఎంచుకున్నామని సృష్టికర్తల్లో ఒకరైన బ్రయాన్ కోనియెట్జ్కో బహిరంగంగానే చెప్పారు. నేను ఆ స్థానంలో ఉన్నా అదే చేసేవాణ్ణి, ఆ ఎపిసోడ్ మాత్రం ఇప్పటికీ చూడను.

'ది ఔల్ హౌస్'కూ అంతే, మూడో భాగాన్ని మూడు పొడుగు ఎపిసోడ్లకు కుదించారు, అన్నీ హడావిడిగా జరిగినట్టుందని అభిమానులు బాధపడితే తప్పు వాళ్లది కాదు, రాసినవాళ్లదీ కాదు. దీనికి పూర్తిగా ఎదురు 'గ్రావిటీ ఫాల్స్'. సృష్టికర్త అలెక్స్ హిర్ష్ ఇక చాలనుకుని 40 ఎపిసోడ్లకు ముగించేశారు, 2016లో. అభిమానులు మార్చమని అడిగేది ఒక్కటే, ఇంకో భాగం కావాలని. అలాంటి ఫిర్యాదు రావాలని మేమంతా కోరుకుంటాం!

నేను పనిచేసిన ఒక సిరీస్‌లో, పేరు వద్దులెండి, దాదాపు అన్ని ఎపిసోడ్లకూ బోర్డులు అయిపోయాక ఇదే ఆఖరి సీజన్ అని కబురొచ్చింది. మిగిలిన రెండు స్క్రిప్టుల్ని ఒకటిగా నొక్కారు. ఒక్కొక్క పాత్రకూ విడిగా రాసుకున్న వీడ్కోలు సన్నివేశాలన్నీ పోయి, అందరూ వరసగా నిలబడి చెయ్యి ఊపే ఒకే ఒక గ్రూప్ షాట్ మిగిలింది. అందులో ఆఖర్న, ఎడమవైపు అంచున, సగం కట్ అయిన భుజంతో ఒక పాత్ర ఉంటుంది, అది రెండు సీజన్ల పాటు విలన్‌గా ఉండి మారిన మనిషి. మారినందుకు అతనికి దక్కింది ఆ సగం భుజమే. "ఏం రాశార్రా బాబూ" అని కామెంట్లు చదువుతుంటే ఒళ్లు మండింది కానీ వాళ్లు చూసింది ఆ షాటే కదా.

'శామురాయ్ జాక్' మాత్రం ఇంకో రకం. 2004లో ముగింపు లేకుండా ఆగిపోయి, 2017లో పది ఎపిసోడ్లతో తిరిగొచ్చింది. ఎన్ని ఎపిసోడ్లో ముందే తెలుసు, అయినా చివరి ఎపిసోడ్ ఉరుకుల పరుగుల మీద అయిపోయింది. ఇన్నేళ్లు వెతికిన దారి దొరకడం, విలన్ అకూ చావడం, పెళ్లి పీటల దగ్గర జాక్ పెళ్లాడబోయే ఆషి మాయమైపోవడం, అన్నీ ఒకదాని మీద ఒకటి. ఇక్కడ అభిమానులతో నేను నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. నేనైతే మధ్యలో ఎక్కడైనా ఒక ఎపిసోడ్ త్యాగం చేసి దీన్ని రెండుగా విడదీసేవాణ్ణి.

ఇక పాత్రలు. 'పోకెమాన్'లో యాష్ గెలవాలి, యాష్ పెరగాలి అన్నది ప్రపంచంలోని పిల్లలందరి కోరిక. 1997లో పదేళ్లవాడిగా మొదలై పదేళ్లవాడిగానే ఉండిపోయాడు. 2016లో కాలోస్ లీగ్ పోటీ ఫైనల్లో అతన్ని ఓడించినప్పుడు అభిమానులు మామూలుగా మండిపడలేదు. 2019లో అలోలా లీగ్‌లో గెలిచాడు, 2022లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఆ తర్వాత 2023లో అతని కథకే శుభం పలికారు. అంటే కోరిక తీరిన మరుక్షణం పాత్ర అవసరం తీరిపోయింది. నిర్మాతలు ఇన్నాళ్లు ఎందుకు భయపడ్డారో అర్థమైంది కదా? అయినా కాలోస్‌లో గెలిపించి ఉండాల్సిందనే నా అభిప్రాయం, ఆ సీజన్ అంతా అతన్ని గెలుపు కోసమే తయారు చేసినట్టు రాశారు.

'డోరేమాన్'లోని నోబితా విషయంలో మాత్రం నేను అభిమానులకు ఎదురు. బాగా చదవాలి, ఏడుపు మానాలి, డోరేమాన్ మీద ఆధారపడటం ఆపాలి అంటారు. అవన్నీ జరిగితే గాడ్జెట్ బయటకు తీసే అవసరమే రాదు, రెండో ఎపిసోడ్‌కే దుకాణం కట్టేయాలి. సిరీస్ నడవడానికి కారణమైన లోపాన్ని సరిచేయమని అడగకూడదు. అలా చేస్తే ఏమవుతుందో చూడాలంటే 1975 నాటి టీవీ 'టామ్ అండ్ జెర్రీ' చూడండి. కొట్టుకోవడం పిల్లలకు మంచిది కాదన్న ఒత్తిడితో ఇద్దర్నీ స్నేహితుల్ని చేసి ఊళ్లు తిప్పారు. ఇద్దరూ మంచివాళ్లే, చూడాలని మాత్రం అనిపించదు. 'ది సింప్సన్స్' కూడా ఈ కోవలోదే, 1989 నుంచి బార్ట్‌కు పదేళ్లే, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ బార్ట్ అమ్మానాన్నలు హోమర్, మార్జ్ ప్రేమకథ డెబ్బైల్లో జరిగిందని చూపించి 2008లో ఒక ఎపిసోడ్‌లో దాన్ని తొంభైలకు జరిపేసరికి గగ్గోలు పెట్టారు. వయసు ఆగిపోతే సర్దుకుంటారు, తాము చూసింది జరగలేదంటే ఊరుకోరు. ఇందులో న్యాయం అభిమానుల వైపే ఉంది.

అనవసరం అనిపించే పాత్రను తీసేయమనేవాళ్లకు స్క్రాపీ డూ ఒకటి చెబితే చాలు. 'స్కూబీ డూ' అభిమానుల్ని ఒక్కటి మార్చమంటే సగం మంది ఆ కుక్కపిల్ల పేరే చెబుతారు. 1979లో సిరీస్ ఆగిపోయే పరిస్థితిలో ఉంటే దాన్ని నిలబెట్టడానికి తెచ్చిన పాత్ర అది, నిలబెట్టింది కూడా.

ఇంకో రకం ఫిర్యాదు ఉంది, "ఆ అమ్మాయి పాత్ర ఎందుకు ఎప్పుడూ పక్కన నిలబడే ఉంటుంది" అని. చాలాసార్లు అది రాసేవాళ్ల చిన్నచూపే, సందేహం లేదు. కానీ మాకొక యోధురాలి పాత్ర ఉండేది, మోకాళ్ల దాకా విరబోసిన జుట్టు, జారే శాలువా, నడుముకు మూడు వరసల గొలుసు. డిజైన్ చూసి అందరం మురిసిపోయాం. ఆమె ఒక్క అడుగు వేస్తే జుట్టు ఒకలా, శాలువా ఇంకోలా, గొలుసు మరోలా ఊగాలి, ప్రతి బొమ్మకూ మూడింతల పని. కొన్నాళ్లకే మాకు నోట్ వచ్చింది, వీలైనంతవరకు ఆమెను పరిగెత్తించొద్దు, నడుము పైకే ఫ్రేమ్ పెట్టండి అని. ఇంకేముంది, ప్రతి పోరాటంలోనూ ఆమె ఎత్తైన రాయెక్కి గంభీరంగా చూస్తూ ఉంటుంది. తర్వాతి సీజన్‌లో జుట్టు ముడివేసి, శాలువా తీసేసి, గొలుసు బదులు పట్టీ పెట్టారు. ఆమె రంగంలోకి దిగి అందరికంటే బాగా పోరాడింది. అభిమానుల మొదటి స్పందన: ఇంత మంచి డిజైన్‌ను ఎవర్రా పాడుచేసింది?

చివరిగా, అభిమానుల మాట అసలు పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది, కాకపోతే చాలా ఆలస్యంగా. 'డ్రాగన్ బాల్ జెడ్'లో సాగదీత కోసి 2009లో 'కాయ్' పేరుతో మళ్లీ వేశారు. 1999 నుంచి నడుస్తున్న 'వన్ పీస్' నత్తనడక మీద ఏళ్ల తరబడి గోల జరిగాక, మొదటి నుంచి కొత్తగా తీసే సిరీస్‌ను 2023 చివర్లో ప్రకటించారు, 2025లో అసలు సిరీస్‌ను కూడా 2026 నుంచి ఏడాదికి 26 ఎపిసోడ్లు మించకుండా చేస్తామన్నారు. నా దృష్టిలో అభిమానులు అడగాల్సిన సరైన మార్పు అదే, తక్కువ ఎపిసోడ్లు, ఎక్కువ గడువు. ఇక మధ్యలో ఆ నెలల ఖాళీ వచ్చినప్పుడు ఎంతమంది ఓపిక పడతారో చూడాలి, వారం వారం అలవాటైన ప్రాణాలు కదా.